సెటిల్ అంటే ఎగ్గొట్టినట్టట!

"మేడం, వాడని క్రెడిట్ కార్డు బంద్ చేస్తే స్కోరు తగ్గుతదా?" అని మా బడిలో కొత్తగా చేరిన టీచర్లు ఎవరో ఒకరు ప్రతి ఏడూ నన్ను అడుగుతూనే ఉంటారు. టిఫిన్ డబ్బా మూత తీస్తూ, వానొస్తదా అని అడిగినంత మామూలుగా అడుగుతారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఏం చెప్పను? మూసినందుకు కాదు తల్లీ, ఎట్లా మూశావో, మూసినవాడు నీ పేరు పక్కన ఏ మాట రాశాడో దాన్నిబట్టి ఉంటుంది. ఆ ఒక్క మాట మా ఇంట్లో ఎంత పని చేసిందో చెప్పాలంటే మధ్యాహ్నం విరామం సరిపోదు. కోపం చల్లారాక నెమ్మదిగా రాద్దామని చాలా ఏళ్లు ఆగాను. అది చల్లారేటట్టు లేదు కాబట్టి వేడిగానే రాస్తున్నాను.

అప్పుడు నేను గద్వాల దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్ టీచర్ని. కాపురం వనపర్తిలో. మా ఆయనకు కొత్తకోటలో హైవే పక్కన టీవీలు, మిక్సీలు, మోటారు స్టార్టర్లు బాగుచేసే దుకాణం ఉండేది. ఆయనకూ నాకూ మధ్యలో ఉంటుందని వనపర్తిలో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. పొద్దున్నే ఆయన అటు, నేను ఇటు. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు దిగి, ఇంకో బస్సు పట్టుకుని, నిలబడి గద్వాల పోవడం నా రోజువారీ వ్యాయామం.

ఒక ఎండాకాలం గద్వాలలో టీచర్లకు ట్రైనింగ్ పెట్టారు. చాయ్ విరామంలో టైలు కట్టుకున్న ఇద్దరు యువకులు వచ్చారు. ఆ ఎండలో టై చూసే సగంమంది టీచర్లు జాలిపడ్డారు.

"మేడం, గవర్నమెంట్ టీచర్లకు స్పెషల్. లైఫ్ టైం ఫ్రీ కార్డు. ఒక్క రూపాయి కట్టేది లేదు."

"నాకెందుకయ్యా? నా జీతం పడే బ్యాంకోళ్ళు ఒకటిచ్చిండ్రు. దాంతోనే ఫ్రిజ్ కొన్న. చాలు," అన్నాను.

"ఒకటి ఉన్నోళ్ళకే రెండోది ఇస్తరు మేడం. వాడకుంటే వాడకుండ్రి. బీరువల పెట్టుకోండ్రి. అది తిండి అడుగుతదా, నీళ్ళు అడుగుతదా?"

అందరూ నవ్వారు. అందరూ సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను. తలా ఒక హాట్‌ప్యాక్ డబ్బా ఇచ్చారు. అందులో రొట్టెలు వేడిగా ఉండవు గానీ మూత మాత్రం గట్టిగా పడుతుంది.

నెల తిరగకముందే బడి అడ్రసుకు కార్డు వచ్చింది. ఇంటికి తెస్తే మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, నా పేరు మీద వేలుపెట్టి తడిమి, "మా టీచరమ్మ పేరు ఎంత ముద్దుగ చెక్కిండ్రు సూడు," అన్నాడు. మా అత్తగారింట్లో కొత్త నాగలి వచ్చినా, కొత్త సైకిల్ వచ్చినా ముందు బొట్టు పెట్టందే వాడరు. ఈయన ఆ కార్డుకు కూడా కుంకుమ బొట్టు పెట్టి, దేవుని పటాల ముందర ఒక పూట ఉంచి, ఆ తర్వాత బీరువాలో నా పట్టుచీర మడతలో దాచాడు. ఆ చీర నేను పెళ్ళిళ్ళకు తప్ప కట్టను. కార్డునైతే పెళ్ళికి కూడా తియ్యలేదు. దాంతో ఒక్క పైసా సామాను కొనలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తర్వాత నన్ను ఎగవేతదారు అన్నారు.

మరుసటి ఏడు కౌన్సెలింగ్‌లో నాకు వేరే బడికి బదిలీ అయింది. ఆ ఏడే మా ఇంటి మీద పిడుగు పడింది. కొత్తకోటలో దుకాణం ముందర ఒక లారీ వెనక్కి వస్తూ మా ఆయన కుడికాలు మీదికి ఎక్కింది. కర్నూలు పెద్ద దవాఖానలో నెలలు గడిచాయి. కాలు దక్కింది గానీ మోకాలు ఇక వంగదు అన్నారు. చంకలో కర్ర లేకుండా నడవలేడు. బస్సు ఎక్కలేడు. కొత్తకోట దుకాణం ఖాళీ చేశాం. సామానంతా మేడ మీదికి చేర్చాం. మా మెట్లు ఎట్లాంటివంటే, మంచిగా ఉన్నవాళ్ళే గోడ పట్టుకుని ఎక్కాలి. ఆయన కిందికి దిగాలంటే కూర్చుని, కాలు ముందుకు చాపి, ఒక్కో మెట్టు మీద జారుకుంటూ దిగాలి. ఎవరైనా చూస్తున్నారేమోనని నేను ముందే గల్లీలోకి వచ్చి అటూ ఇటూ చూసేదాన్ని.

పని చేతిలోనే ఉంది. చేతులు మంచిగున్నాయి. కానీ టీవీ నెత్తిన పెట్టుకుని మేడ మీదికి ఎవరెక్కుతారు? "అన్నా, నువ్వు జర కిందికొస్తవా?" అని అరిచేవారు. పిలిచీ పిలిచీ మానేశారు. రోజంతా ఇంట్లో కూర్చుని, బాగున్న రేడియోనే మళ్ళీ మళ్ళీ విప్పి బిగించేవాడు. ఆయనకు రోడ్డు మట్టానికి ఒక గది కావాలి. అంతే. మెట్టు లేని గది, వచ్చేపోయే మనుషులు కనబడే గది. మేం ఆ రోజుల్లో మొక్కిన మొక్కులన్నీ ఆ ఒక్క గదికే.

అట్లాంటి సమయంలో ఫోన్ మొదలయింది. నేను ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతుంటే మోగింది.

"మీ కార్డు బకాయి ఎప్పుడు కడతారు?"

"ఏ కార్డు? నేనే కార్డూ వాడలే."

"వాడలేదనే కట్టమంటున్నాం మేడం."

ఈ ముక్క నిజంగానే అన్నాడు. నా చెవులు సరిగ్గా విన్నాయా అనుకున్నాను. ఏడాదికి ఇంత అని వాడితేనే ఫ్రీ అట. వాడకుంటే ఫీజు అట. ఆ ఫీజు కట్టనందుకు లేటు ఫీజు, దానికి వడ్డీ, వడ్డీకి పన్ను, మధ్యలో నేనడగని ఇన్సూరెన్సు. బిల్లులన్నీ నా పాత బడికి పోయాయట. బదిలీ అయిన సంగతి వాళ్ళకు నేను చెప్పలేదట. బదిలీ అయితే గ్యాసోళ్ళకు చెబుతాం, పాలవాడికి చెబుతాం. బీరువాలో పడుకున్న ప్లాస్టిక్ ముక్క తరఫున ఎవరికి చెబుతాం?

"లైఫ్ టైం ఫ్రీ అన్నరు గద!" అని అరిచాను.

"కండిషన్స్ చదువుకోవాలి మేడం. టీచరే కదా మీరు?"

ఆ మాటకు నా ఒళ్ళు భగ్గుమంది. పిల్లలు నోరు తెరిచి చూస్తున్నారు. ఆ రోజు ఆ క్లాసుకు పాఠం లేదు, తిట్లు మాత్రం కొన్ని కొత్తవి నేర్చుకుని ఉంటారు.

తర్వాత రోజూ ఫోన్లే. ఒకడు మర్యాదగా మాట్లాడతాడు, ఇంకొకడు "ఇంటికి మనుషులొస్తరు, గల్లీల ఇజ్జత్ పోతది" అంటాడు. నేను నిప్పులు కురిపించేదాన్ని. చివరికి ఒకరోజు మా ఆయన నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"నువ్వు గరం గాకు. నువ్వు గరమైతే పని చెడ్తది. నేను సెటిల్ చేస్త."

ఈ సెటిల్ అనే మాట గురించి ఇక్కడ చెప్పాలి. మా ఆయనది పెద్దమందడి పక్కన పల్లె. వాళ్ళ నాయన, చిన్నాయన అక్కడ పంచాయితీలు తెంపే పెద్దమనుషులు. గట్టు జరిపినా, బర్రె చేనులో పడినా, అన్నదమ్ముల పాలు పంచాలన్నా వాళ్ళ దగ్గరికే వచ్చేవారు. రెండువైపులా కొంత దిగాలి, కొంత వదలాలి. అందరూ ఒప్పుకున్నాక చాయ్ తెప్పిస్తారు. రెండు పక్షాలూ చాయ్ తాగితే "సెటిల్ అయింది" అంటారు. అదే ఆఖరి మాట. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎత్తినవాడే తప్పు కట్టాలి. ఆ ఊళ్ళో "వాళ్ళది సెటిల్ అయింది" అంటే ఇద్దరూ మర్యాదస్తులని అర్థం. మొండికేసినవాడిది సెటిల్ కాదు. మా ఆయన ఆ చాయ్‌లు మోస్తూ పెరిగినవాడు. సెటిల్ కన్నా గౌరవమైన మాట ఆయనకు ఇంకోటి తెలియదు.

వసూలుకు వచ్చిన మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. మెట్లెక్కి వచ్చి, మా ఆయన కాలు చూసి గుమ్మంలోనే ఆగాడు. మా ఆయన కుర్చీ చూపించి మొదలుపెట్టాడు.

"తమ్మీ, వాడినదానికైతే వడ్డీతో సహ కడ్దును. వాడనే లేదు. అయినా నువ్వు ఇంత దూరమొచ్చినవ్. వట్టి చేతులతో పంపను. సగానికి తెంపు."

"సగమంటే మావోళ్ళు ఒప్పుకోరన్నా."

"ఫోన్ చేసి అడుగు. అడిగితే తప్పేమున్నది?"

అతను వరండాలోకి పోయి ఫోన్ చేశాడు. వచ్చి ఒప్పుకున్నాడు. నేను లోపల పొయ్యి దగ్గర నిలబడి పళ్ళు నూరుతున్నాను. అడగని దానికి సగమెందుకు కట్టాలి? కానీ ఆయన ముఖం చూస్తే నోరు రాలేదు. కాలు విరిగిన తర్వాత ఆ ముఖంలో అంత కళ నేను చూడలేదు. చాలా రోజులకు ఆయన చేతిలో ఒక పని పడింది, ఆ పని ఆయన గెలుస్తున్నాడు. చాయ్ పెట్టి ఇచ్చాను. ఇద్దరూ తాగారు.

"ఇగ మల్ల మాటుండొద్దు తమ్మీ."

"ఉండదన్నా. కార్డు బంద్. మా రికార్డుల సెటిల్డ్ అని ఎక్కుతది."

"గట్లనే ఎక్కియ్యి. మంచిగ, అందరికి కనబడేటట్టు ఎక్కియ్యి," అన్నాడు మా ఆయన.

ఆ వచ్చిన మనిషి ఒక్క క్షణం ఆగాడు. ఏదో చెప్పబోయినట్టే అనిపించింది. చెప్పలేదు. డబ్బులు తీసుకుని, కాగితం ఇచ్చి, చెప్పులు వేసుకుని దిగిపోయాడు. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళముందర ఆడుతుంది. చెప్పి ఉంటే వాడి సొమ్మేం పోయేది? మిగతా సగం కూడా కష్టమో నష్టమో పడి కట్టేవాళ్ళం కదా! తెలిసి నోరు మూసుకుని, నా ఇంటి చాయ్ తాగి పోయాడు. వాడి ముఖం మరిచిపోయాను గానీ ఆ ఆగడం మరిచిపోలేదు.

కార్డును మా ఆయన కత్తెరతో నాలుగు ముక్కలు చేసి, "శని వదిలింది పో!" అని కిటికీలోంచి విసిరాడు. నేను కూడా నవ్వాను.

ఆ తర్వాత రెండేళ్లకు, రెండు వేల తొమ్మిదిలో, మేం మొక్కిన గది దొరికింది. మా గల్లీకి రెండు గల్లీల అవతల ఒక పెద్దావిడ ఇల్లు. ఆమెను అందరం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం. భర్త పోయాక ముందు గదిలో గాజుల దుకాణం పెట్టుకుని బతికింది. ఆ గదికి రోడ్డు మీదికి షట్టరు. గడప కూడా లేదు, గచ్చు నేరుగా రోడ్డులో కలుస్తుంది. వెనక రెండు గదులు, నీళ్ళ ట్యాంకు, ఒక వేపచెట్టు. అది ఖాలా పుట్టిల్లు కాబట్టి ఆమె తమ్ముళ్ళకు కూడా అందులో వాటాలు ఉన్నాయి. వాళ్ళు అమ్మి పంచమని కూర్చున్నారు.

మా ఆయన్ని తీసుకుపోయి చూపించాను. కర్రతో ఆ గచ్చు మీద టకటకా కొట్టుకుంటూ లోపలికి నడిచాడు. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. మధ్యలో నిలబడి, "ఈడ టేబులు. ఈడ టీవీలు పెట్టే అర. నేను ఈడ కూసుంట, రోడ్డుకు ముఖం పెట్టి," అని కర్రతోనే చూపించాడు. ఖాలా అది చూసి, చెప్పిన ధరలోంచి నేనడగకుండానే కొంత తగ్గించింది.

బయానా ఇచ్చాం. బయానా అంటే కొంటామని మాట ఇచ్చి ముందుగా చేతిలో పెట్టే సొమ్ము. గడువులోగా మిగతాది తేకపోతే అది తిరిగి రాదు, మాట కూడా పోతుంది. రంజాన్ నెల మొదలయ్యేలోగా తెస్తామన్నాం. నాకు గవర్నమెంటు ఉద్యోగం, నెలనెలా జీతం, ఎవరికీ బాకీ లేదు. లోను రాకపోవడమనే సంగతి మా ఊహలోనే లేదు.

వనపర్తిలో బ్యాంకు మేనేజరు కాగితాలన్నీ చూసి, "బాగున్నాయి మేడం," అన్నాడు. వారం తర్వాత రమ్మన్నాడు. వెళ్ళాను. కంప్యూటరు నా వైపు తిప్పాడు. దేశంలో ఎవరెవరు అప్పులెట్లా కట్టారో రాసిపెట్టే సంస్థ ఒకటుందట, వాళ్ళు మనిషికింత అని మార్కులు వేస్తారట. బ్యాంకులు ఈమధ్యే వాటిని చూడటం మొదలుపెట్టాయట. నా మార్కులు తక్కువొచ్చాయి. నేను! జీవితమంతా పిల్లలకు మార్కులు వేసినదాన్ని!

"ఇక్కడ చూడండి. పాత కార్డు ఒకటి సెటిల్డ్ అని ఉంది."

నేను ఊపిరి పీల్చుకున్నాను. "అవును సార్. సెటిల్ అయింది. మంచిదే గద?"

ఆయన నా ముఖంలోకి చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మంచిది కాదు మేడం. సెటిల్డ్ అంటే మొత్తం కట్టలేదని. మా లెక్కలో ఎగ్గొట్టినట్టే."

"ఎగ్గొట్టినట్టా?"

"అర్థం అదే మేడం."

"సార్, వాడని కార్డు అది! వాళ్ళ మనిషే ఇంటికొచ్చిండు, వాళ్ళ మనిషే సగానికి ఒప్పుకున్నడు. ఒప్పుకున్నంక ఎగ్గొట్టిండ్రని రాస్తరా? ఒప్పుకోకుంటే ఒప్పుకోమని చెప్పాలె. కట్టమంటే కట్టకపోదుమా? నవ్వుకుంట పైసలు తీసుకుని, వెనకకు పోయి దొంగలని రాసుకుంటరా? మీకు ఇంట్ల ఆడోళ్ళు లేరా, పెద్దోళ్ళు లేరా? మాట అంటే ఏందో ఎవ్వరు చెప్పలేదా?"

క్యాష్ కౌంటరు ముందర లైను మొత్తం నా వైపు తిరిగింది. తిరగనీ. ఆయన పాపం, "మేడం, ఆ బ్యాంకు వేరు, మా బ్యాంకు వేరు. నా చేతిలో ఏం లేదు, సిస్టమ్ తీసుకోదు," అన్నాడు. ఈ సిస్టమ్ అనేవాడు ఎక్కడ కూర్చుంటాడో ఎవ్వరూ చెప్పరు. చెబితే అక్కడికే పోయి అరిచేదాన్ని.

ఆ మంటలోనే మర్నాడు గద్వాలలో నా జీతం పడే బ్యాంకుకు పోయాను. ఫ్రిజ్ కొన్న పాత కార్డు ఉంది కదా, దాన్ని కౌంటరు మీద పడేశాను. "బంద్ చెయ్యి నాయినా. కార్డనే మాటే నాకొద్దు," అన్నాను. "ఎందుకు మేడం, మంచిగ కడుతున్నరు గద?" అన్నాడు గుమస్తా. "మంచిగ కట్టినోళ్ళకేం దండలు ఏస్తుండ్రు? బంద్ చెయ్యి," అన్నాను. చేశాడు. కార్డుల పీడ పూర్తిగా వదిలించుకుంటే పేరు శుభ్రమవుతుందని నేను నిజంగా నమ్మాను. స్నానం చేస్తే మైల పోయినట్టు అనుకున్నాను.

నాగర్‌కర్నూల్‌లో ఇంకో బ్యాంకు లోన్లు తొందరగా ఇస్తోందని ఎవరో చెబితే, సెలవు పెట్టి అక్కడికి పోయాను. అక్కడ ఆఫీసరు ఒకామె, నా ఈడుదే. నేను అరవక ముందే కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇచ్చి, మొత్తం విని, తెరమీద ఏదో చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇంకో కార్డు ఉండె గద అక్కా మీకు? మొన్ననే ఎందుకు మూసిండ్రు?"

"పీడ పోతదని."

"అయ్యో! మీకు మంచి పేరు తెచ్చేది అదొక్కటే. ఇన్నేండ్లు ఒక్క నెల తప్పకుండ కట్టిండ్రు. కట్టింది ఎటు పోదు, రాసే ఉంటది. కానీ ఇగ దాని మీద కొత్తగ ఏం ఎక్కదు. కార్డులు చాన ఉన్నోళ్ళు వాడనిది ఒకటి బంద్ చేస్తే ఏం గాదు, మహా అయితే జర తగ్గుతది, మల్ల పెరుగుతది. మీకేమో నడిచే ఖాతా ఒక్కటే. దాన్నే ఆపిండ్రు."

"అంటే ఉంచుకుంటే తప్పు, మూస్తే తప్పు. వాడకుంటే ఫీజు, కడితే ఎగ్గొట్టినట్టు. గంతేనా?" అన్నాను.

ఆమె వాదించలేదు. ఏం చెయ్యాలో మాత్రం చెప్పింది. ఆ కార్డు బ్యాంకు వదిలేసిన మిగతా సగం కూడా కట్టాలి. బాకీ లేదని కాగితం తీసుకోవాలి. అప్పుడు సెటిల్డ్ అనే మాట తీసి క్లోజ్డ్ అని రాస్తారు. "ఎన్ని దినాలు పడతది?" అని అడిగితే, "నెలలు పట్టొచ్చు అక్కా," అంది. నాకు తలెత్తి గోడమీది క్యాలెండరు చూడాలనిపించలేదు. రంజాన్‌కు ఎన్నాళ్ళుందో నాకు తెలుసు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన మెట్ల పైన కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే, "ఏమన్నరు?" అన్నాడు. నేను దాచదల్చుకోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తల దించుకున్నాడు.

"అందరికి కనబడేటట్టు ఎక్కియ్యమన్నది నేనే గద," అన్నాడు.

అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆయన తల దించుకున్నందుకు. "నువ్వెందుకు తల వంచుతవ్ అయ్యా? మీ నాయన తెంపిన పంచాయితీలన్ని ఎగ్గొట్టుడేనా? మాట ఇచ్చినోళ్ళు దొంగలు, మాట తప్పినోళ్ళు దొరలా? తల ఎత్తు ముందు!" అని అరిచాను. కింద ఇంటివాళ్ళు తలుపు తీసి చూశారు. ఆయన తల ఎత్తాడు గానీ, ఆ రోజు అన్నం తినలేదు. నేనూ తినలేదు.

మిగతా సగం కట్టడానికి కూడా వాళ్ళు దొరకలేదు చూడండి! వసూలు చేయడానికైతే ఇంటిదాకా మెట్లెక్కి వచ్చారు. ఇస్తామంటే తీసుకునే దిక్కు లేదు. చాయ్ తాగిన మనిషి నంబరు పనిచేయడం లేదు. హైదరాబాదు నంబరుకు చేస్తే తెలుగుకు ఒకటి నొక్కు, హిందీకి రెండు నొక్కు అంటుంది. నొక్కీ నొక్కీ నా వేలు అరిగింది. మనిషి దొరికాక, "ఆ ఖాతా సెటిల్ అయింది మేడం, మీరేం కట్టక్కర్లేదు," అన్నాడు. నేను ఫోన్‌లోనే నవ్వాను. పిచ్చిదాన్నేమో అనుకుని ఉంటాడు. బతిమాలి, బెదిరించి, ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి, ఎట్లాగో కట్టాం. తీసుకోని అప్పుకు మొత్తం చెల్లించాం. బాకీ లేదన్న కాగితం వచ్చేసరికి రంజాన్ వచ్చి, సగం నెల గడిచిపోయింది. రికార్డులో మాట మాత్రం అప్పటికీ మారలేదు, అది మారందే ఏ బ్యాంకూ లోను ఇవ్వదు.

ఖాలా మా కోసం ఆగింది. తమ్ముళ్ళు రోజూ వచ్చి కూర్చుంటున్నా, "ఇంకో రెండు దినాలు, ఇంకో రెండు దినాలు," అని వాళ్ళను ఆపింది. చివరికి ఒక సాయంత్రం ఇఫ్తార్ ముందర మా మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చింది. కొంగు ముడి విప్పి బయానా మొత్తం నా చేతిలో పెట్టింది.

"అది నీది ఖాలా. మాట తప్పింది మేము," అన్నాను.

"మీరేం తప్పలే బేటీ. తెల్వదా నాకు? తీసుకో," అంది. నేను తీసుకోలేదు. ఆమె మంచం మీద పెట్టి, మా ఆయన తల మీద చెయ్యి వేసి దిగిపోయింది. నన్ను ఎగవేతదారు అన్న ఊళ్ళోనే, ఎవరూ అడగకుండా బయానా తిరిగిచ్చిన మనిషి కూడా ఉంది. ఆమెకు మార్కులు వేసే సంస్థ ఎక్కడా లేదు. ఉండదు.

ఇల్లు తెలకపల్లి నుంచి వచ్చిన ఒక విత్తనాల వ్యాపారి కొన్నాడు. నగదు ఇచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు. నేను ఆ గల్లీలోంచి పోవడమే మానేశాను. బస్టాండుకు చుట్టు తిరిగి పోయేదాన్ని. మా ఆయన మాత్రం ఒకరోజు నేను బడినుంచి వచ్చేసరికి ఇంట్లో లేడు. మెట్ల మీద జారి దిగి, కర్రతో రెండు గల్లీలు నడిచి, ఆ వ్యాపారి దగ్గరికి పోయి, "అన్నా, ముందటి గది కిరాయికి ఇస్తవా?" అని అడిగాడట. ఆయన ఇచ్చాడట. వచ్చి చెబుతుంటే ఆ గొంతులో పండుగ.

నాకు మాత్రం కడుపు రగిలిపోయింది. మనది కావలసిన గదికి కిరాయా? "నీకు సిగ్గనిపిస్తలేదా?" అందామని నోటిదాకా వచ్చింది. కానీ ఆయన అప్పటికే రేడియోలు, టెస్టర్లు, తీగలు మూటగట్టుకుంటున్నాడు. ఆ మూట నేనే మోశాను. ఆయన చూపించిన చోటే టేబులు వేశాను. మొదటి రోజే ఎవరో పాత టీవీ తెచ్చారు. రోడ్డుకు ముఖం పెట్టి కూర్చుని దాని వీపు విప్పాడు. వచ్చేపోయేవాళ్ళు నమస్తే అంటుంటే, చేతిలో స్క్రూడ్రైవరుతోనే తిరిగి నమస్తే పెడుతున్నాడు.

నా రికార్డులో సెటిల్డ్ అనే మాట ఏడాది దాటాక పోయింది. అప్పటికి ఆ ఇంటి ధర మాకు అందనంత పైకి పోయింది. ఆ వ్యాపారి మంచివాడే. ఆయన్ని నేను ఒక్క మాట అనను. ప్రతి నెలా ఒకటో తారీఖున కిరాయి ఆయన చేతిలో పెడతాం. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. అది ఏ కంప్యూటర్లోనూ ఎక్కదు, దానికి ఎవరూ మార్కులు వేయరు. మొన్నొక నెల డబ్బులు లెక్కపెట్టుకుంటూ ఆ వ్యాపారే సంతోషంగా చెప్పాడు.

"ఈ ఇంటి మీద షాపుకు లోన్ తీసుకున్న టీచరమ్మా. మీ కిరాయి టైముకు వస్తది గాబట్టి కిస్తీ టైముకు కడుతున్న. నా స్కోరు మస్తు పెరిగిందంట."